ఫుట్‌బాల్ సారు రహీం గారి జీవిత చరిత్ర

ఈ నెల గోడ పత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు నాది. ఎప్పుడూ దేశ నాయకుల గురించే రాస్తారు కదా, నేను ఆటల ఆయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. మన ఇండియా ఫుట్‌బాల్‌లో ఆసియాలోనే ఫస్టు వచ్చిన రోజుల్లో ఆ టీంకు కోచ్ ఆయనే. ఊరు హైదరాబాదు. పని బడిలో సారు.

ఒక మాట ముందే చెప్తాను. ఆయన ఇండియా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇండియాకు ఆయన కొట్టిన గోలు ఒక్కటి కూడా లేదు. పతకాలన్నీ ఆయన నేర్పిన వాళ్ల మెడల్లో పడ్డాయి. మరి అట్లాంటి ఆయన గురించి రాయడానికి ఏముంది అని నా పక్క మంచం అమ్మాయి అడిగింది. చానా ఉంది. ఈ చార్టు చాలక ఇంకో చార్టు అతికించాను, చూడండి.

రహీం గారు 17-8-1909న హైదరాబాదులో పుట్టారు. అప్పుడు అక్కడ నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు ఆ టీంలో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కమర్ క్లబ్ అనే టీంలో కూడా ఆడారు. బి.ఏ. పాసై కాచిగూడ మిడిల్ స్కూల్లో టీచరుగా చేరారు. ఇంకా రెండు మూడు స్కూళ్లలో పని చేశారు. తర్వాత వ్యాయామ విద్యలో ఒక ఏడాది డిప్లొమా చదివి, దారుల్ ఉలూం హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పారు. అంటే మన పీఈటీ మేడం చేసే పనే. విజిల్, బాలు, ఎండ, పిల్లకాయల గోల.

1940ల్లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆయన పెట్టించిన పోటీల గురించి చెప్తే మీరు నవ్వుతారు. ఒక పోటీలో బాలును కాళ్ల దగ్గర పెట్టుకొని ఒక్కడే తీసుకుపోకూడదు. దాన్ని డ్రిబ్లింగ్ అంటారు. బాలు రాగానే వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాల. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాల. కుడి కాలు వాటం వాడు ఎడమ కాలితో, ఎడమ కాలు వాటం వాడు కుడి కాలితో.

ఇది ఎందుకని పీఈటీ మేడంను అడిగినాను. బొమ్మ గీసి చెప్పినారు. ఒకే కాలితో ఆడేవాడు బాలు వచ్చినాక ఆ కాలి వైపు తిరగాల. ఆ తిరిగే లోపల ఎదుటివాడు వచ్చేస్తాడు. రెండు కాళ్లూ వచ్చినవాడికి తిరిగే పని లేదు. పాస్ విషయం కూడా అంతే. మనిషి ఎంత గట్టిగా పరుగెత్తినా బాలు అంతకన్నా జోరుగా పోతుంది. మన వాళ్లు విదేశాల వాళ్ల కంటే పొట్టి, బరువు తక్కువ. వాళ్లతో భుజం భుజం తగిలించుకుంటే మనమే పడతాము. అందుకని తగిలే లోపలే బాలు ఇచ్చేయాల. (పొట్టి అని చిన్నచూపు చూడొద్దు. మన పుంగనూరు ఆవు పొట్టిదే, పాలు ఎంత చిక్కగా ఉంటాయో చూడండి.)

మన ఖోఖో టీంలో కూడా ఒక అక్క ఉంది, పేరు రాయను. ఖో ఇవ్వకుండా తానే పరుగెత్తి పరుగెత్తి రొప్పుతా ఉంటుంది. రహీం గారు ఉండింటే ఆ అక్కకు వేరే పోటీ పెట్టేవారు.

మేము ఒక ఆదివారం ఎడమ కాలి ఆట ఆడి చూసినాము. అరగంటలో ఒక్క గోలు కూడా పడలేదు. ముగ్గురు కింద పడినారు. బాలు వంటశాల వైపు పోయి సాంబారు గిన్నె దగ్గర ఆగింది. వంట అక్క బాగా తిట్టింది. అయినా నాలుగో ఆదివారానికి మాలో ఇద్దరికి ఎడమ కాలు కొంచెం మాట వింటా ఉంది.

1950లో రహీం గారు హైదరాబాదు సిటీ పోలీస్ టీంకు కోచ్ అయ్యారు. ఆ ఏడాదే ఆ టీం డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. అప్పుడు ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. ఒక పోలీసు టీం వచ్చి వాళ్లను ఓడించడం చిన్న విషయం కాదు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్లు వీళ్లే తెచ్చుకున్నారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956లోనూ 1957లోనూ హైదరాబాదే గెలిచింది.

ఇప్పుడు ఇండియా టీం సంగతి. ఇది కాళ్ల సంగతి కాబట్టి మన హాస్టల్ వాళ్లు జాగ్రత్తగా చదవాల.

1948లో లండన్ ఒలింపిక్స్‌కు పోయిన మన ఆటగాళ్లలో చానా మంది బూట్లు లేకుండా వట్టికాళ్లతో ఆడారు. కొందరు కాళ్లకు బట్ట చుట్టుకున్నారు. ఫ్రాన్స్ మీద 2-1 తేడాతో ఓడిపోయారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకొని కూడా అంత దగ్గరగా వచ్చారు. మన గోలు కొట్టింది బెంగుళూరు ఆయన, సారంగపాణి రామన్. కుప్పంలో రైలెక్కితే పోతామే, ఆ బెంగుళూరు. అప్పటికి రహీం గారు కోచ్ కాదు.

1950లో ఆయన ఇండియా కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో మనం ఇరాన్‌ను 1-0తో ఓడించాము. గోలు కొట్టింది మేవాలాల్. బంగారు పతకం మనదే. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు.

మరుసటి ఏడాది 1952లో హెల్సింకి ఒలింపిక్స్. అది చలి దేశం. తడి నేల. మన వాళ్లలో చానా మంది అప్పుడు కూడా వట్టికాళ్లే. యుగోస్లావియా 10 గోలులు కొట్టింది. మనం ఒక్కటి కొట్టాము, అది బెంగుళూరు అహ్మద్ ఖాన్ కొట్టింది. 10-1. మళ్లీ చదవండి, నేను తప్పు రాయలేదు.

ఆ తర్వాత బూట్లు వేసుకునే ఆడాలని ఫుట్‌బాల్ సమాఖ్య రూలు పెట్టింది. వట్టికాళ్లతో బాలు మన మాట వింటుంది, నాకు తెలుసు. బొటనవేలితో ఇట్లా అంటే అట్లా పోతుంది. పోయిన ఏడాది కుప్పంలో ఆటల పోటీలకు పోతే ఒక టీం వాళ్లందరికీ బూట్లు ఉన్నాయి. మేమంతా వట్టికాళ్లే. మా గ్రౌండులో పల్లేరుకాయల మీద పరుగెత్తిన కాళ్లు కాబట్టి మాకేమీ భయం కాలేదు. కాని ఆ రోజు వాన పడింది. బురదలో మేము జారినాము, వాళ్లు జారలేదు. ఆ రోజు నుంచి హెల్సింకి సంగతి చదివినప్పుడల్లా ఆ 11 మంది కాళ్లు నాకు కనిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి వట్టికాళ్లతో ఆడిన మనిషికి బూటు ఒక కొత్త భాష మాదిరి. మాకు ఒకటో తరగతిలో తెలుగు ఎట్లా కొత్తో అట్లా. ఇంట్లో మేము మా భాషే మాట్లాడతాము. అది మరిచిపోకుండా ఇది నేర్చుకోవాల. రహీం గారి టీం ఆ పని నాలుగేళ్లలో చేసింది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్. హంగరీ దేశంలో గొడవలు జరగడం వల్ల వాళ్ల టీం రాలేదు. మనం నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు పోయి ఆస్ట్రేలియాతో వాళ్ల దేశంలోనే ఆడాము. 4-2తో గెలిచాము. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోలులు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ దాకా పోయిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీ ఫైనల్లో ఎవరు వచ్చారో తెలుసా? అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనది. వాళ్లు తర్వాత 4 కొట్టి గెలిచారు. మూడో స్థానం ఆటలో బల్గేరియా మీద కూడా ఓడిపోయి మనం నాలుగో స్థానంలో నిలిచాము. పతకం రాలేదు. కాని 10-1 నాలుగేళ్లలో 4-1 అయింది. అది కూడా ఒక మార్కుల లిస్టే అని నేను అనుకుంటాను.

ఆ టీంలో హైదరాబాదు వాళ్లు చానా మంది ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, ఇంకా తులసీదాస్ బలరాం. బలరాం గారి సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు ఈ చరిత్ర మొత్తంలో అదే బాగా నచ్చింది.

బలరాం గారు 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టారు. ఇంట్లో తమిళం. బీద కుటుంబం. చిన్నప్పుడు బూట్లు కొనే డబ్బు లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర బూట్లు చేయించుకున్నారంట. ఒక లీగు మ్యాచ్‌లో ఈ పిల్లవాడి ఆట రహీం గారు చూశారు. ప్రాక్టీసుకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు గ్రౌండుకు రోజూ రావాలంటే చానా దూరం. చేతిలో డబ్బుల్లేవు. అప్పుడు రహీం గారు అద్దె సైకిలుకు రోజుకు ఒక రూపాయి తన చేతి నుంచి ఇచ్చేవారంట. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు 20 ఏళ్ల వయసులో మెల్బోర్న్‌కు పోయాడు.

మా తండాలో నాతో ఐదో తరగతి చదివిన ఒక పిల్ల ఉంది. నాకంటే జోరుగా పరుగెత్తేది. ఆటల సెలక్షన్స్ పుంగనూరులో అని చెప్పినారు. అప్పటికి ఇంకా ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాలేదు. వాళ్ల యాడి, బాపు బెంగుళూరులో మేస్త్రీ పనిలో ఉన్నారు. చార్జీ ఎవరిస్తారు? పోలేదు. ఇప్పుడు మదనపల్లె పక్కన టమాటా కోతకు పోతా ఉంది. పండక్కి పోయినప్పుడు చూసినాను. గంప నెత్తిన పెట్టుకొని గట్టు మీద పరుగెత్తుతుంటే ఇప్పటికీ నేను అందుకోలేకపోయినాను. బలరాం గారి సైకిలు సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

1960లో రోం ఒలింపిక్స్‌కు కూడా రహీం గారే కోచ్. హంగరీ మీద 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 సమానంగా ముగించి, పెరూ మీద 3-1తో ఓడారు. ఆ టీంలో రహీం గారి కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నారు. కాని ఆయనకు ఆడే అవకాశం రాలేదు. కోచ్ నాయన అయి కూడా మూడు మ్యాచ్‌లూ కొడుకును బయట కూర్చోబెట్టారు. ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారో మనకు తెలీదు.

ఇక 1962. జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికి రహీం గారి ఆరోగ్యం బాగా లేదు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచాము. థాయ్‌లాండ్ ఆటలో బ్యాక్ ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. బ్యాక్ ఆడేవాడు ఎగిరి ఎగిరి తలతో బాలును ఆపాల. కుట్లు ఉన్న తలతో ఎట్లా? వేరే సారు అయితే కూర్చోబెట్టేవారు. రహీం గారు ఆయన్ను వెనక నుంచి తీసి ముందు పెట్టారు, గోలులు కొట్టే చోట. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాము. అందులో జర్నైల్ సింగ్ గోలు ఒకటి ఉంది.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. 4-9-1962. స్టేడియంలో లక్ష మంది ఉన్నారంట, అందరూ మనకు ఎదురే. కారణం ఏమంటే, ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆటలకు రానివ్వలేదు. అది తప్పని మన దేశ అధికారి జి.డి. సోంధీ గారు అన్నారు. దానితో అక్కడి జనానికి ఇండియా అంటేనే కోపం వచ్చింది. మన ఆటగాళ్లు బస్సులో కనిపించకుండా వంగి కూర్చొని పోవలసి వచ్చిందంట. మన జాతీయ గీతం వస్తుంటే కూడా జనం గోల చేశారంట. ఆ గీతాన్ని ఠాగూర్ గారు ఇంగ్లీషులోకి మార్చింది మన మదనపల్లెలోనే, 1919లో, థియోసాఫికల్ కాలేజీలో. అది గుర్తుకు వచ్చి నాకు ఇక్కడ చదవగానే కడుపులో ఏదో అయింది. అంత మందిలో మన వైపు అరిచింది ఎవరంటే పాకిస్తాన్ హాకీ టీం వాళ్లు. ఇది నిజం.

రహీం గారు ముందు రోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, నాకు ఒక బహుమతి కావాలి, రేపు బంగారు పతకం ఇవ్వండి అనే అర్థం వచ్చేలా అడిగారంట. ఏ సారు అయినా పిల్లలకు బహుమతి ఇస్తారు. ఈయన అడిగారు. ఎందుకు అడిగారో అప్పుడు వాళ్లకు తెలిసిందో లేదో.

ఆ రోజు రహీం గారు ఇంకో మార్పు చేశారు. జ్వరంతో పడి ఉన్న గోల్ కీపర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు దింపారు. ఆయన చానా పొడుగు. పైనుంచి వచ్చే బాలును అందుకోవడానికి ఆ పొడుగు కావాల. మన ఆట మొదలైన 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్, తలకు కుట్లతోనే, ఇంకోటి కొట్టారు. కొరియా వాళ్లు ఆఖరులో ఒకటి కొట్టారు కాని ఇంకోటి కొట్టలేకపోయారు. 2-1. మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన టీంనే ఆఖరి మ్యాచ్‌లో ఓడించాము. కెప్టెన్ చునీ గోస్వామి. ఆ రోజు ముందు వరసలో ఆడిన వాళ్లలో బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాదు నేలలో ఆట నేర్చినవాళ్లే.

అక్కడ నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, 11-6-1963న, రహీం గారు క్యాన్సర్ వ్యాధితో చనిపోయారు. వయసు 53. ఆయన సిగరెట్లు బాగా తాగేవారు. ఈ వాక్యం మా బాపు కోసం రాస్తున్నాను. బాపుకు చదువు రాదు, బీడీలు తాగుతాడు, సెలవులకు పోయినప్పుడు నేనే చదివి వినిపిస్తాను.

ఆయన తర్వాత 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కంచు పతకం వచ్చింది. కెప్టెన్ హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. కోచ్‌లలో ఒకరు రహీం గారి శిష్యుడు పి.కె. బెనర్జీ. నయీముద్దీన్ గారు తర్వాత తాను కూడా కోచ్ అయి 1990లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్నారు. ఆ అవార్డు మొదలైందే 1985లో, రహీం గారు పోయి 22 ఏళ్లకు. కొడుకు హకీం గారు అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2021లో చనిపోయారు. బలరాం గారు 16-2-2023న చనిపోయారు. పెద్దాయన అయినాక కూడా సైకిలు రూపాయిని మరిచిపోలేదంట.

1962 తర్వాత మనకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం రాలేదు. 1960 రోం తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మన టీం పోనే లేదు. ఎందుకని పెద్దవాళ్లు చానా కారణాలు చెప్తారు. నాకు తోచింది ఒకటే. బంగారం తెచ్చిన ఆటగాళ్లు తిరిగి వచ్చారు, మళ్లీ ఆడారు. బడి బడికీ తిరిగి పిల్లలను చూసి, వీడికి ఎడమ కాలు రాదు, వీడికి సైకిలు లేదు అని కనిపెట్టే ఆయన లేడు.

2024లో ఆయన మీద మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది. వార్డెన్ మేడం గారూ, ఒక ఆదివారం మాకు చూపించండి అని 9వ తరగతి తరఫున అడుగుతున్నాము. ఇంకొక సంగతి, నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య అక్క ఇండియా ఆడవాళ్ల ఫుట్‌బాల్ టీంలో ఆడింది. మన తండా పిల్లే. ఆమె ఫోటో దొరికితే పై నెల పత్రికలో అతికిస్తాము.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఎడమ కాలి ఆట ఉంది. ఎడమ చేతి వాటం వాళ్లు కుడి కాలితో ఆడాల. 7, 8, 9 తరగతుల వాళ్లు పేర్లు శుక్రవారం లోపల మా రూంలో ఇవ్వండి. బాలు వంటశాల వైపు తన్నకూడదు.

– 9వ తరగతి విద్యార్థిని